ఇనప షెడ్డులో రేడియో

ఏలూరు కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటరు భీమరాజు దగ్గర చదువుకున్నవాళ్ళకు ఒక సంగతి బాగా గుర్తుంటుంది. రికార్డులో ఎవరైనా ఒక లెక్క చేసి, రెండోదాని దగ్గర ‘ఇదే విధంగా’ అని రాసి వదిలేస్తే ఆయన ఊరుకునేవారు కాదు. కేకలు వేసేవారూ కాదు. ఆ మాటను ఎర్ర సిరాతో కొట్టేసి, కుర్చీ చూపించి, ఇక్కడే కూర్చుని మొత్తం చెయ్యండి బాబూ అనేవారు. ప్రయోగశాల మూసే వేళైనా సరే, పూర్తయ్యేదాకా తానూ కదిలేవారు కాదు. పిల్లలు దాన్ని చాదస్తమనుకుని వెనక నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ చాదస్తం వెనక ఒక ఊరుంది.

ఆ ఊరు కొల్లేటి నడుమ పైడిలంక. అక్కడ చేపలు పట్టి బతికే వడ్డీల ఇంట్లో పుట్టి, చేపలు పట్టడం చేతకాకుండా పెద్దవాడైనవాడు భీమరాజు ఒక్కడే. తల్లి అతని పసితనంలోనే పోయింది. అన్న పెద్దింటయ్య, వదిన ఆదిలక్ష్మి పెంచారు. వీడికి వల విసరడం రాదు, పుస్తకం పట్టుకుంటే వదలడు, అటే పోనిద్దాం అని పెద్దింటయ్య తేల్చేసి, ఏలూరు హాస్టల్లో పెట్టి చదివించాడు. కాలేజీలో ఉద్యోగం వచ్చిన రోజునుంచి ఆదిలక్ష్మి మరిదిని ‘మీరు’ అనడం మొదలుపెట్టింది. వద్దు వదినా అని ఎన్నిసార్లు బతిమాలినా మానలేదు. అన్నకు మాత్రం తమ్ముడు తమ్ముడే, కాకపోతే తమ్ముడి నోటి మాటంటే వేదం. ఊళ్ళో ఏ తగువొచ్చినా, ఏలూరులో మా వాణ్ణి కనుక్కుని చెబుతా అనేవాడు. తగువుకూ ఫిజిక్సుకూ సంబంధమేమిటని ఎవరూ అడగలేదు.

కాలేజీలో భీమరాజు గురించి రెండు మాటలు చెప్పుకునేవారు: మనిషి బంగారం, కానీ కాస్త తిక్క. ఆ తిక్క పేరు గాడి. మా ఆయన్ని గాడిలో పెడదామని చూస్తే ఆయనే ఒక గాడి ముందేసుకుని కూచున్నారండీ అని భార్య నూకరత్నం ఇరుగుపొరుగులతో అనేది.

ఆ గాడి సంగతి చెప్పాలి. హద్దుల్లేని లోహపు పలక ఒకటి ఉందనుకోండి. అది నున్నగా ఉంటే, దాని మీద పడిన రేడియో తరంగం పడినట్టే తిరిగిపోతుంది. అందులో చెప్పుకునేదేమీ లేదు. అదే పలకలో నిలువునా చీల్చిన పీపాలాగా సగం గుండ్రని గాడి తొలిస్తే కథ మారుతుంది. తరంగంలో కొంత వెనక్కి పోతుంది, కొంత నలువైపులా చెదురుతుంది, కొంత గాడిలోకి దూరుతుంది. ఎంత చెదిరింది, ఎంత దూరింది అన్నది లెక్క. సుమారుగా చెప్పినవాళ్ళు ఉన్నారు. భీమరాజుకు సుమారు అన్న మాటంటే ఒళ్ళుమంట. లెక్క వరసలో ఒక్క పదం కూడా వదలకుండా కచ్చితమైన సాధన కావాలి అతనికి. వాల్తేరు యూనివర్సిటీ నుంచి ఈ లెక్కకు కావలసిన బెసెల్ ఫంక్షన్ల పట్టికలు అరువు తెచ్చుకుని, కాలేజీలో చేత్తో తిప్పే లెక్కల యంత్రం ఖాళీగా ఉన్నప్పుడల్లా దాని ముందు కూర్చుని, ఏళ్ళ తరబడి ఆ గాడి చుట్టూ తిరిగాడు.

అందులో రెండు సందర్భాలు ఉన్నాయి. తరంగంలోని విద్యుత్ క్షేత్రం గాడికి అడ్డంగా, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఊగడం ఒకటి. గాడి పొడవు వెంటే ఊగడం రెండోది. మొదటిది భీమరాజు సాధించాడు, నిజంగానే సాధించాడు. గాడి ఎంత సన్ననిదైనా తరంగం అందులోకి దూరుతుందని తేలింది. ఆ ఆనందంలో, ఆ అలసటలో, రెండో సందర్భం దగ్గరికొచ్చేసరికి, పత్రికకు పంపాలని రాస్తున్న వ్యాసంలో ఒక్క వాక్యం రాసి ఊరుకున్నాడు: రెండవదానిని కూడా ఇదే విధంగా సాధించవచ్చును. లెక్కలవాళ్ళందరూ రాసే వాక్యమే అది. ఎవరి కొంపా ముంచని వాక్యం.

పైడిలంకకు పంచాయతీ రేడియో వచ్చింది అప్పుడే. బ్యాటరీతో నడిచే పెట్టె, దానికో పొడుగాటి ఏరియల్ తీగ. ఊరంతా మూగి బెజవాడ స్టేషను వినేవారు. గాలివాన కబుర్లు ముందే చెబుతుందని పెద్దింటయ్యకు దాని మీద మరీ గురి. చుట్టూ నీళ్ళున్న ఊరికి అంతకంటే ఏం కావాలి. అయితే మొదటి వేసవిలోనే తీగ కట్టిన వెదురు గడ మీద పిడుగు పడింది. పెట్టె మాడిపోయింది, రోజూ దాని మీట తిప్పే వరదానం అనే మనిషి చెయ్యి మోచేతిదాకా కాలి వంకరపోయింది. మళ్ళీ కొత్త పెట్టె ఇచ్చారు గానీ, ఈసారి తీగ బయట కడితే చేతులు నరుకుతామన్నారు ఊరి ఆడవాళ్ళు.

ఊళ్ళో ఇనప షెడ్డు ఒకటుంది. యుద్ధం అయిపోయాక తాడేపల్లిగూడెం విమానాల మైదానంలో వేలం వేస్తే లంకవాళ్ళు కొని, ముక్కలు విప్పి పడవల్లో తెచ్చి, ఊరి మధ్య ఎత్తయిన దిబ్బ మీద మళ్ళీ బిగించుకున్నారు. బోర్లించిన సగం పీపాలాగా ఉంటుంది. కింద ఇటుక దిమ్మెల మీద నిలబెట్టారు కాబట్టి ఇనుముకూ దిబ్బకూ మధ్య జానెడు సందు రెండు పక్కలా పొడుగునా ఉంది. పెట్టె, తీగ రెండూ ఈ షెడ్డులోపలే పెట్టుకుంటే రేడియో పలుకుతుందా అని పెద్దింటయ్య చేపలబుట్టతో ఏలూరు వచ్చినప్పుడు తమ్ముణ్ణి అడిగాడు.

భీమరాజు ముఖం వెలిగిపోయింది. స్టేషను స్తంభం నిలువుగా ఉంటుంది కాబట్టి దాని తరంగంలో విద్యుత్తు పైకీ కిందికీ ఊగుతుంది. షెడ్డు కింది సందు నేల వెంట పొడుగునా ఉంది. అంటే విద్యుత్తు సందు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఊగుతుందన్నమాట, అచ్చంగా అతని మొదటి సందర్భం. భేషుగ్గా వినపడుతుందన్నాడు. ఆ ఆదివారం తానే లంకకు వెళ్ళి తీగను షెడ్డులోపల కట్టించాడు. తలుపు వేసి మీట తిప్పితే పెట్టె గణగణ పలికింది. చుట్టూ ఇనుము, అయినా పలికింది. ఊరివాళ్ళు అతన్ని చూసిన చూపు భీమరాజు ఎన్నాళ్ళో మరిచిపోలేదు. ఏళ్ళ తరబడి కాగితం మీద ఉన్నది కళ్ళముందు మాట్లాడుతుంటే గర్వపడని మనిషి ఉంటాడా.

మరుసటి ఏడు వైశాఖంలో పెద్ద గాలి ఒకటి వీచి, షెడ్డు దిమ్మెల మీద ఎగిరెగిరి పడింది. సందులోంచి గాలి దూరి పైకి లేపేస్తోందని, చుట్టూ రేకులు కొట్టి దిబ్బలోకి దిగ్గొట్టేద్దామని పెద్దలు అనుకున్నారు. అది సబబైన ఆలోచనే. పెద్దింటయ్య మళ్ళీ ఏలూరు వచ్చాడు. నూకరత్నం పెట్టిన అన్నం తింటూ, విస్తరి మీంచి తలెత్తకుండానే అడిగాడు.

“సందు మూసేత్తే రేడియో వినపడుద్దంటావా తమ్ముడూ?”

భీమరాజు ఆ వేళ పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాడు. తలుపు ఉంది కదా అన్నాడు. ఉంది, పడమటి వైపు, నిలువెత్తు తలుపు, కాస్త ఇరుకుగా ఉంటుందన్నాడు అన్న. పడమరంటే బెజవాడ వైపే.

“జానెడు సందులోంచి వచ్చింది, నిలువెత్తు తలుపులోంచి రాదా? అదీ అలాగే అన్నయ్యా. తలుపు తీసి ఉంచుకోండి, చాలు.”

పెద్దింటయ్య సంతృప్తిగా తలూపి మజ్జిగ పోయించుకున్నాడు. పేపర్ల మీద ఎర్ర గీతలు పడుతూనే ఉన్నాయి. అన్నకు చెప్పినదీ, వ్యాసంలో రాసినదీ ఒకటేనని భీమరాజుకు తట్టనే లేదు.

రేకులు కొట్టారు. ఆషాఢం వచ్చేసరికి రేడియో మాట సన్నగిల్లిందని కబురొచ్చింది. తలుపు తీసి గుమ్మంలో చెవి పెడితే దోమ రొదలాగా ఏదో వినిపిస్తోందట, వేస్తే అదీ లేదట. బ్యాటరీ నీరసించి ఉంటుంది, కొత్తది వేయించుకోండి అని భీమరాజు కబురు పంపాడు. కొత్తది వేయించారు. అయినా అంతేనని మళ్ళీ కబురొస్తే, వానాకాలం గాలిలో తేమ వల్ల కావచ్చు, కార్తీకానికి సర్దుకుంటుందన్నాడు. ఇక్కడ నాకు భీమరాజు మీద కోపం వస్తుంది. ఊరి చెవులు ఒకటి చెబుతున్నాయి, తాను చెయ్యని లెక్క ఒకటి చెబుతోంది. అతను చెయ్యని లెక్కనే నమ్మాడు. పెద్దింటయ్య మాత్రం తమ్ముణ్ణి నమ్మాడు. రేడియో బాగానే ఉంది, చెప్పడానికేమీ లేక ఊరుకుంది అని ఊళ్ళోవాళ్ళకు సర్దిచెప్పేవాడట.

కార్తీకంలో వ్యాసం పంపేముందు భీమరాజు దాన్ని తన పాత లెక్కల మేష్టారు కోదండరామయ్యగారికి చూపించడానికి తాడేపల్లిగూడెం వెళ్ళాడు. పెద్దాయన కాలేజీ వదిలి అక్కడ అల్లుడింట్లో ఉంటున్నారు. కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని మొదటి సందర్భమంతా వరస తప్పకుండా చదివి, మెచ్చుకుని, కాఫీ ఇప్పించారు. చివరి పేజీలో వేలు పెట్టి ఆగారు.

“ఇదే విధంగా అన్నావు. చేసి చూశావా?”

చూడలేదండీ, పద్ధతి ఒకటే కదండీ అన్నాడు భీమరాజు. పద్ధతి ఒకటే కావచ్చు నాయనా, జవాబు ఒకటవుతుందని ఎవరు చెప్పారు అని కాగితాలు మడిచి చేతికిచ్చారు ఆయన. భీమరాజుకు చిన్నతనమనిపించింది. తిరుగు ప్యాసింజరులో కిటికీ పక్కన కూర్చుని మొహం ముడుచుకునే ఉన్నాడు. పాత విమానాల మైదానంలో అమ్ముడుపోని ఇనప షెడ్లు ఒకటి రెండు తుప్పుపట్టి కనిపించాయి. తూర్పున ఆకాశం రాగి రంగుకు తిరిగింది. రైల్లో ఎవరో, ఈ ఎండ నాకు నచ్చలేదండీ అన్నారు.

మర్నాడు కాలేజీకి సెలవు. పొద్దుట నుంచీ ముసురు. మేష్టారి మాట ముల్లులా గుచ్చుకుంటుంటే భీమరాజు ప్రయోగశాల తాళం తీయించుకుని రెండో సందర్భం మొదలుపెట్టాడు. పద్ధతి ఒకటే. గాడి బయట కొన్ని పదాలు, లోపల కొన్ని, మూతి దగ్గర రెండూ కలవాలి. అయితే క్షేత్రం గాడి వెంట ఊగుతోంది కాబట్టి లోహం తగిలిన చోటల్లా అది సున్నా కావాలి. ఆ ఒక్క షరతుతో వరసలో మొట్టమొదటి పదం, లోపలికి దారి తీసే పదం, కొట్టుకుపోయింది. మిగిలినవన్నీ మూతి దగ్గరే చచ్చిపోయే పదాలు. తరంగం పొడవు ముందు గాడి ఇరుకైతే చాలు, లోపలికి వచ్చేది దాదాపు ఏమీ లేదు. తప్పేమో అని మళ్ళీ చేశాడు. తప్పు లేదు.

స్టేషను తరంగం నిలువుగా ఊగుతుంది. తలుపూ నిలువుగానే ఉంది, అంటే అచ్చంగా ఈ రెండో సందర్భం. తరంగం పొడవు ముందు ఆ తలుపెంత. ఆషాఢం నుంచీ పైడిలంక చెవిటిదైపోయి ఉంది. దాన్ని చెవిటిదాన్ని చేసినవాడు తనే.

కంగారుగా వీధిలోకొచ్చాడు. కాలవ గట్టు మీది కాఫీ హోటల్లో రేడియో పెద్దగా మోగుతోంది. బంగాళాఖాతంలో తుపాను, తీరం వైపు వస్తోంది, కొల్లేటి లంకలవాళ్ళు వెంటనే మెరకకు చేరాలి అని పొద్దుట నుంచీ అదే పనిగా చెబుతోందట. కాఫీ తాగుతున్నవాళ్ళు వింటున్నారు, కప్పులు కడిగేవాడు వింటున్నాడు. ఎవరు వినాలో వాళ్ళు వినడం లేదు. భీమరాజు గొడుగు సంగతి మరిచిపోయి పంచాయతీలకు రేడియోలు ఇచ్చిన సర్కారు ఆఫీసుకు పరుగెత్తాడు. పైడిలంకకు మనిషిని పంపండి, అక్కడ రేడియో వినపడదండీ అని చెప్పాడు. గుమాస్తా మర్యాదగానే కుర్చీ వేశాడు.

“అన్ని పంచాయతీలకూ సెట్లు ఇచ్చామండీ. పైడిలంకకు రెండోదీ ఇచ్చాం. ఈపాటికి అందరూ మెరకకు, ఆకివీడు చేరుకుని ఉంటారు, కంగారు పడకండి.”

సెట్టు బాగానే ఉందండీ, ఇల్లు ఇనపది, తలుపు నిలువుది అని భీమరాజు చెప్పబోయాడు. గుమాస్తా కళ్ళలో జాలి కనిపించింది. కొల్లేటి ఒడ్డుకు వెళ్ళే బస్సు ఆపేశారు. సైకిలు మీద బయల్దేరితే గాలి దాన్ని కాలవ గట్టు మీద పడేసింది. లేచి నడిచాడు. ఒడ్డు చేరేసరికి దోనెలన్నీ మెరక మీదికి లాగేసి తాళ్ళు బిగిస్తున్నారు. కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఈ గాలిలో దోనె వేస్తే మీరూ ఉండరు, నేనూ ఉండను బాబూ అన్నాడు పడవవాడు. అది నిజం. కొల్లేరు నల్లగా ఉడికిపోతోంది. అవతల, కనుచూపు దూరం దాటి, అన్న ఉన్నాడు. భీమరాజు అక్కడే గట్టు మీద, ఎవరి పాకలోనో తల దాచుకుని, గాలి హోరు వింటూ, కొల్లేటి అమ్మవారు పెద్దింట్లమ్మకు మొక్కుకున్నాడు. రేడియో వినపడకపోయినా ఎవరైనా భయపడి బయల్దేరి ఉంటే చాలని మొక్కుకున్నాడు.

గాలి తగ్గాక మొదటి దోనె మీద వెళ్ళాడు. దారంతా చచ్చిన పశువులు, పాకల కప్పులు తేలుతున్నాయి. పైడిలంకలో నిలబడి ఉన్నది ఒక్క ఇనప షెడ్డే. చుట్టూ రేకులు దిగ్గొట్టారు కాబట్టి గాలికి కదల్లేదు. బతికినవాళ్ళు అందులోనే ఉన్నారు. ఊళ్ళో సగం మందైనా లేరు.

వరదానం చెప్పాడు, వంకర చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. ముసురు పట్టినప్పుడే కొంతమంది ఆకివీడు పోదామన్నారట. పెద్దింటయ్య అడ్డం పడ్డాడు. ప్రమాదమైతే రేడియో చెప్పదా, తలుపు తీసి ఉంచితే వినపడుద్దని మా తమ్ముడు చెప్పాడు అని, గుమ్మంలో చెవి పెట్టుకుని కూర్చున్నాడు. వాన మీద పడుతున్నా తలుపు వేయనివ్వలేదు. పెట్టె ఊరుకుంది కాబట్టి ఊరూ ఊరుకుంది. నీళ్ళు గడపల్లోకొచ్చాక ఇక ఎవరినీ అడగక్కర్లేకపోయింది. పెద్దింటయ్య దోనె మీద జనాన్ని తెచ్చి తెచ్చి షెడ్డు మెట్ల మీద దించాడు. ముందుగా భార్యను దించాడు. కడసారి ముసలాళ్ళ కోసం వెళ్ళి మరి రాలేదు.

ఆదిలక్ష్మి షెడ్డు మూల కూర్చుని ఉంది. మరిదిని చూసి ఏడవలేదు, ఏడవడం అయిపోయింది. లేచి, పై కమ్మీకి వేలాడగట్టిన రేడియో పెట్టెను దించమంది. తడవకుండా ఆయనే అక్కడ కట్టారంది. ఇది ఎందుకు పలకలేదో చూడండి బాబూ, నీళ్ళొచ్చేదాకా దీని దగ్గరే కూచున్నారు అంది.

భీమరాజు పెట్టె దించుకుని, తీగ చుట్టుకుని బయటికొచ్చాడు. అక్కడే, అందరి ముందూ మీట తిప్పనక్కర్లేదని, వదినను లోపలే ఉండమనవచ్చునని అతనికి తెలుసు. అయినా ఆ మాట అనలేదు, ఆమె వెనకే వచ్చింది. నేలకొరిగిన పందిరి గడ ఒకటి బురదలో నిలబెట్టి తీగ కట్టాడు. మీట తిప్పాడు. బెజవాడ గణగణ పలికింది. తుపాను బలహీనపడిందని, ప్రజలు భయపడవలసిన పని లేదని ఎవరో నింపాదిగా చదువుతున్నారు. షెడ్డులోంచి జనం ఒక్కరొక్కరే బయటికొచ్చి నిలబడ్డారు.

ఆదిలక్ష్మి పెట్టె వైపు చూసింది. తర్వాత షెడ్డు వైపు, ఆ పడమటి తలుపు వైపు చూసింది.

“అయితే ఇది బాగానే ఉందాండీ?”

“బాగానే ఉంది వదినా.”

“అప్పుడూ బాగానే ఉందాండీ?”

భీమరాజు తలూపాడు. ఆమె పైట కొంగుతో పెట్టె మీది బురద తుడిచింది. ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి ఆ వేళ అతని దగ్గర జవాబుంది. సుమారు జవాబు కాదు, కచ్చితమైనదే.